డ్రైవరు కూర్చున్నాడు, కండక్టరు మెట్లెక్కాడు

మన ఫీల్డులో ఎవరికైనా గుండెపోటు వచ్చిందని తెలిస్తే చాలు, అందరి నోటా వచ్చే మొదటి మాట "స్ట్రెస్ అండీ, ఏం చేస్తాం". షుగరు వచ్చినా స్ట్రెస్సే, బీపీ వచ్చినా స్ట్రెస్సే, ముప్ఫయ్యేళ్ళకే జుట్టు ఊడినా స్ట్రెస్సే. ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే "నెట్‌వర్క్ ఇష్యూ" అని రాసేసి టికెట్టు మూసేయడం లాంటిదన్నమాట ఇది. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ దానివల్ల మనకి తెలిసిందేమీ లేదు, రేపు మళ్ళీ పడిపోకుండా చెయ్యగలిగిందీ ఏమీ లేదు.

మా ఆఫీసులో గత రెండేళ్ళలో ఇద్దరికి స్టెంట్లు వేశారు. ఒకాయనకి 39, ఇంకొకాయనకి 42. ఇద్దరూ సిగరెట్టు ముట్టనివాళ్ళే. ఇద్దరి గురించీ కాంటీన్లో జరిగిన చర్చ మాత్రం రెండే నిమిషాల్లో "స్ట్రెస్" దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత అందరం లిఫ్టెక్కి ఎవరి సీట్లలో వాళ్ళం కూర్చున్నాం.

నిజానికి ఈ ప్రశ్నకి రూట్ కాజ్ వెతికే పని డెబ్భై ఏళ్ళ కిందటే మొదలైంది. ఆ కథ మన సాఫ్ట్‌వేర్ జనానికి బాగా నచ్చుతుందని నా నమ్మకం, ఎందుకంటే అది మొదట్నించీ చివరిదాకా డీబగ్గింగే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ డాక్టర్లకి ఒక వింత పరిస్థితి ఎదురైంది. అంటురోగాలు తగ్గుతున్నాయి, నడివయసు మగవాళ్ళు మాత్రం గుండెపోటుతో రాలిపోతున్నారు. కారణం ఎవరికీ సరిగ్గా తెలీదు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం 1948లో మొదలైంది. అదే సంవత్సరం లండన్లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళు సోషల్ మెడిసిన్ యూనిట్ అని ఒకటి పెట్టారు. దాన్ని నడిపినాయన పేరు జెర్రీ మోరిస్. 1910లో పుట్టాడు, గ్లాస్గోలో పెరిగాడు, యుద్ధకాలంలో సైనిక వైద్యుడిగా మన ఇండియాలో కూడా పనిచేశాడు.

మోరిస్‌కి ఒక అనుమానం ఉండేది, మనిషి చేసే ఉద్యోగానికీ గుండెపోటుకీ ఏదో లంకె ఉందని. రకరకాల ఉద్యోగుల లెక్కలు తెప్పించడం మొదలుపెట్టాడు. అందులో ముందుగా అందినవి లండన్ ట్రాన్స్‌పోర్టు వాళ్ళవి.

లండన్ డబుల్ డెక్కర్ బస్సు ఎలా నడిచేదో ఒక్కసారి ఊహించుకోండి. ముందు క్యాబిన్లో డ్రైవరు, వెనక కండక్టరు. డ్రైవరు డ్యూటీలో తొంభై శాతం సమయం కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడానికి కిందకీ పైకీ తిరుగుతూనే ఉంటాడు, రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే తరగతి కుటుంబాలు, అవే షిఫ్టులు, అదే లండన్ పొగమంచు, ఆఖరికి బస్సు కూడా ఒకటే. తేడా అల్లా ఒకడు కూర్చుంటాడు, రెండోవాడు తిరుగుతాడు. ఇంతకన్నా శుభ్రమైన ఏ/బీ టెస్టు కావాలని ఎవరు డిజైన్ చెయ్యగలరు చెప్పండి?

35 నుంచి 64 ఏళ్ళ లోపు మగవాళ్ళు సుమారు 31 వేలమంది. 1949, 1950 సంవత్సరాల రికార్డులు. కండక్టర్లలో ఏడాదికి వెయ్యిమందిలో 1.9 మందికి గుండెజబ్బు బయటపడితే, డ్రైవర్లలో 2.7 మందికి. అంతకన్నా భయపెట్టే సంగతి ఇంకోటుంది. జబ్బు బయటపడ్డ మొదటి కొద్దిరోజుల్లోనే చనిపోవడం డ్రైవర్లలో రెండింతలకు పైగా ఉంది. కండక్టర్లకి వస్తే ఎక్కువగా కాస్త తక్కువ రకం జబ్బు వచ్చేది, డ్రైవర్లకి వస్తే ప్రాణం మీదకే వచ్చేది. ఈ ఫలితాలు 1953లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చాయి.

ఇక్కడ మీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "డ్రైవరుకి ట్రాఫిక్ టెన్షన్ ఉంటుంది కదండీ, అది స్ట్రెస్సే కదా" అని. బాగా అడిగారు. అప్పట్లో కూడా అదే అడిగారు. అందుకు జవాబుగా మోరిస్ బృందం తపాలా శాఖ ఉద్యోగుల లెక్కలు పక్కన పెట్టింది. నడుస్తూ, సైకిలు తొక్కుతూ ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్లు ఒకవైపు, అదే శాఖలో కూర్చుని పనిచేసే గుమాస్తాలు, టెలిఫోన్ ఆపరేటర్లు ఇంకోవైపు. గుమాస్తాకి లండన్ ట్రాఫిక్ లేదు, హారన్ల గోల లేదు. ఐనా నష్టం కుర్చీ వైపే తేలింది.

సరే, ఇక్కడితో అయిపోయిందనుకుంటే మనం జూనియర్లం. రెండో ప్రశ్న ఇంకా గట్టిది. కూర్చోవడం వల్ల డ్రైవరు గుండె పాడైందా, లేకపోతే అసలే ఒళ్ళు బరువెక్కే తీరు ఉన్నవాళ్ళే డ్రైవరు ఉద్యోగంలో చేరుతున్నారా? మన భాషలో చెప్పాలంటే కోడులో తప్పా, ఇన్‌పుట్ డేటాలోనే తప్పా? దీనికి మోరిస్ వెతికిన ఆధారం చూస్తే ముచ్చటేస్తుంది. ఆయన దర్జీల దగ్గరికెళ్ళాడు! లండన్ ట్రాన్స్‌పోర్టు వాళ్ళు ఉద్యోగులందరికీ యూనిఫారాలు కుట్టిస్తారు కదా, ఆ ప్యాంట్ల నడుం కొలతలన్నీ రికార్డుల్లో ఉన్నాయి. 1956లో అచ్చైన ఆ వ్యాసం పేరులోనే "యూనిఫారాల" ప్రస్తావన ఉంటుంది.

ఆ కొలతలు చెప్పినవి రెండు సంగతులు. ఒకటి, ఏ వయసు చూసినా, కుర్రవాళ్ళలో కూడా, డ్రైవర్ల నడుం కండక్టర్ల నడుం కన్నా లావు. అంటే ఇన్‌పుట్ డేటాలో కొంత తేడా ఉన్నమాట నిజమే, మొదటి ఫలితం మొత్తాన్నీ మెట్ల ఖాతాలో వెయ్యకూడదు. రెండు, సన్నటివాళ్ళని సన్నటివాళ్ళతో, లావువాళ్ళని లావువాళ్ళతో పోల్చి చూసినా కండక్టర్లదే పైచెయ్యి. అంటే అంతా ఇన్‌పుట్ తప్పూ కాదు, మెట్లకి తమ వాటా తమకుంది. తన పేరు మోగిపోతున్న సిద్ధాంతానికి తనే బగ్గులు వెతికి, దొరికినవి దాచకుండా అచ్చువేయించిన మనిషి అంటే నాకు భలే గౌరవం.

ప్యాంటు కొలత మాట వచ్చింది కాబట్టి లండన్ కాస్త పక్కనపెట్టి మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. పుణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ అని మధుమేహం మీద పేరున్న పరిశోధకుడు. ఆయన, ఇంగ్లండుకి చెందిన జాన్ యుడ్కిన్ అనే డాక్టరు కలిసి 2004లో లాన్సెట్‌లో ఒక ఫోటో వేయించారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరిదీ 22.3. ఇద్దరూ "నార్మల్". కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. "నేను సన్నగానే ఉన్నానుగా" అనే మన ధీమాకి ఆ ఒక్క ఫోటో చాలు. మనకి బరువు చూపించే మిషను కన్నా దర్జీ టేపు ఎక్కువ నిజం చెబుతుంది. మన మగవాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడమంటారు.

ఆ నడుం ఎందుకు పెరుగుతుందో వెతకడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఒక లెక్క ఉంది. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదట. మన దేశంలో తింటున్నది 50 నుంచి 70 శాతం. పప్పులో అన్నం, కూరలో అన్నం, పులుసులో అన్నం, పెరుగులో అన్నం తిని మళ్ళీ సాయంత్రం సమోసా తినే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పొలంలో నాగలి పట్టిన తాతగారు ఆ అన్నం తిన్నారంటే సాయంత్రానికల్లా ఖర్చుపెట్టేసేవారు. మనం అదే అన్నం తిని మౌసు కదుపుతున్నాం.

మళ్ళీ మోరిస్ దగ్గరికొద్దాం. ఉద్యోగాలన్నీ క్రమంగా కుర్చీలోకి మారిపోతాయని ఆయనకి అర్థమైంది. కుర్చీ తప్పనివాడు మిగతా సమయంలో వ్యాయామం చేస్తే సరిపోతుందా? ఇది సరిగ్గా మన ప్రశ్నే. 1968-70 మధ్య బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయాల్లో కూర్చుని పనిచేసే ఉద్యోగులు పదహారు వేలమందికి పైగా తీసుకుని, సోమవారం పొద్దున్నే చెప్పాపెట్టకుండా ఒక కాగితం చేతికిచ్చి, మొన్న శుక్రవారం, శనివారం ఏమేం చేశారో గుర్తుచేసుకుని రాయమన్నారు. గట్టిగా ఒళ్ళు వంచే పని, ఆట, ఈత లాంటివి చేసినవాళ్ళకి గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ళలో మూడో వంతే ఉందని 1973లో తేలింది.

1990లో వచ్చిన తర్వాతి అధ్యయనం నాకు ఇంకా గుచ్చుకుంది. చిన్నప్పుడు బాగా ఆటలాడి మానేసినవాళ్ళకి ఏ రక్షణా మిగల్లేదు. ఇప్పుడు చేస్తున్నవాళ్ళకే లాభం. "కాలేజీలో నేను ఓపెనింగ్ బౌలర్ని తెలుసా" అంటే గుండె ఒప్పుకోదన్నమాట. ఇది సేవింగ్స్ ఖాతా కాదు, నెలనెలా కట్టాల్సిన కరెంటు బిల్లు.

మరి ఎంత కట్టాలి? 2016లో లాన్సెట్‌లోనే పది లక్షలమందికి పైగా జనం లెక్కలు కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలకు పైగా కూర్చునేవాళ్ళు 60 నుంచి 75 నిమిషాలు వేగంగా నడవడం లాంటి పని చేస్తే కూర్చోవడం వల్ల పెరిగే మరణ ముప్పు దాదాపు మాసిపోతోంది. గంటా? అని నోరెళ్ళబెట్టకండి. అంతకన్నా తక్కువ చేసినా లాభం ఉంది, అసలు చెయ్యకపోవడమే అన్నిటికన్నా నష్టం.

ఇక మన అభిమాన పదం, స్ట్రెస్. దీనికీ ఒక చరిత్ర ఉంది, కాస్త గమ్మత్తైన చరిత్ర. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అని ఇద్దరు గుండె డాక్టర్లు. అమెరికాలో ఏప్రిల్ 15 ఆదాయపు పన్ను రిటర్నుల గడువు. వీళ్ళు 1957లో కొంతమంది అకౌంటెంట్లకి జనవరి నుంచి జూన్ దాకా వరసగా రక్తపరీక్షలు చేశారు. గడువు దగ్గరపడేకొద్దీ కొలెస్ట్రాల్ పెరిగింది, గడువు దాటాక తగ్గింది. తిండిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రిలీజుకి ముందు వారం మన రక్తం తీసి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు!

ఆ తర్వాత 1959లో వాళ్ళు "టైప్ ఏ" మనిషి అనే భావన తెచ్చారు. ఎప్పుడూ తొందర, పోటీ, అసహనం, కుర్చీ అంచున కూర్చునే రకం. అలాంటివాళ్ళకి గుండెజబ్బు రెండింతలని చెప్పారు. ఇది జనానికి ఎంత నచ్చిందంటే, పెద్ద ఉద్యోగం చేసేవాడికి గుండెపోటు ఒక పతకం లాగా అయిపోయింది. కానీ 1988లో అదే జనాన్ని మళ్ళీ చూస్తే కథ తిరగబడింది. ఒకసారి జబ్బు వచ్చినవాళ్ళలో టైప్ ఏ వాళ్ళే ఎక్కువకాలం బతికారు. మరి అన్నాళ్ళూ ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టింది ఎవరు? సిగరెట్ కంపెనీల పాత కాగితాలు బయటపడ్డాక, ఫిలిప్ మోరిస్ కంపెనీ (మన జెర్రీ మోరిస్‌కి ఏ సంబంధమూ లేదు) ఈ టైప్ ఏ పరిశోధనలకి బాగా డబ్బు పెట్టిందని 2012లో ఒక పరిశోధనావ్యాసం వివరంగా చూపించింది. ఎందుకో తేలిగ్గానే అర్థమౌతుంది. తప్పు మనిషి స్వభావానిదైతే సిగరెట్టుది కాదు కదా. "స్ట్రెస్ అండీ" అనే మాట వెనక దాక్కోవడం మనం కనిపెట్టింది కాదు.

ఐతే స్ట్రెస్ అంతా బూటకమా? కాదు. అసలైన సంగతి లండన్లోనే బయటపడింది. వైట్‌హాల్ అంటే వాళ్ళ సెక్రటేరియట్ లాంటిది. 1967లో అక్కడ పనిచేసే మగ ఉద్యోగులు సుమారు 18 వేలమందిని పరీక్షించి, ఎవరు ఎప్పుడు ఎలా చనిపోతున్నారో ఏళ్ళ తరబడి చూశారు. అందరూ అనుకున్నది, పెద్ద బాధ్యతలు మోసే పై అధికారులే గుండెపోటుతో పోతారని. మైకేల్ మార్మట్ బృందం 1978లో అచ్చువేసిన లెక్క పూర్తిగా తిరకాసు. అందరికన్నా కింది తరగతి వాళ్ళలో, అంటే ప్యూన్లు, ద్వారం దగ్గర కాపలా ఉండేవాళ్ళలో, గుండెజబ్బు మరణాలు పై అధికారుల కన్నా 3.6 రెట్లు ఎక్కువ. కిందివాళ్ళు సిగరెట్లు ఎక్కువ కాల్చేవాళ్ళు నిజమే. కానీ సిగరెట్టు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోంచి తీసేసినా తేడాలో సగానికి పైగా అలాగే మిగిలింది. పైగా ఇది మెట్లమెట్లుగా ఉంది. అందరికన్నా పైనున్నవాడి కన్నా వాడి కిందివాడికి ఎక్కువ, వాడి కన్నా ఇంకా కిందివాడికి ఇంకా ఎక్కువ.

1985లో రెండో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. ఈసారి ఆడవాళ్ళతో కలిపి 10,308 మంది. 1997లో వాళ్ళు తేల్చినదేమిటంటే, ఆ మిగిలిన తేడాలో పెద్ద వాటా ఒకే ఒక్క విషయానిది. తన పని మీద తనకి ఎంత అధికారం ఉంది? ఏ పని ముందు చెయ్యాలి, ఎలా చెయ్యాలి, ఎప్పుడు కాస్త లేచి తిరగాలి అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? పని బరువు ఒక్కటే మనిషిని చంపదు. బరువు తనది, మాట ఇంకొకరిది అయినప్పుడు ముప్పు. కరాసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు 1979లోనే ఈ నమూనా గీసి పెట్టాడు.

దీనికి కూడా సైజు తెలుసుకోవాలి కదా. 2012లో యూరప్ అధ్యయనాలు చాలా కలిపి, దాదాపు రెండు లక్షలమందిని చూస్తే, బరువెక్కువ అధికారం తక్కువ ఉద్యోగాల్లో గుండెజబ్బు ముప్పు సుమారు 23 శాతం ఎక్కువ. నిజమైన ముప్పే, కానీ సిగరెట్టు, నడుం, కుర్చీ ఇవన్నీ కలిపి చేసే చేటు ముందు చిన్నది. 2015లో పనిగంటల మీద ఇంకోటి వచ్చింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి, మామూలు పనిగంటల వాళ్ళకన్నా పక్షవాతం ముప్పు 33 శాతం, గుండెజబ్బు ముప్పు 13 శాతం ఎక్కువ. మనలో చాలామందికి 55 అంటే తేలిక వారం!

ఇంత చరిత్ర చెప్పాక మన హైదరాబాదు సంగతి చూడండి. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి అచ్చువేసిన లెక్కల ప్రకారం 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది. వందలో 84 మంది! వాళ్ళంతా వైట్‌హాల్ ప్యూన్లలాగా పేదవాళ్ళు కాదు. మంచి జీతం, ఇన్సూరెన్సు, కింద జిమ్ము కూడా ఉన్నవాళ్ళు. లండన్ డ్రైవరు కుర్చీ, మన అన్నం పళ్ళెం, వైట్‌హాల్ గుమాస్తా చేతకానితనం, మూడూ ఒకే మనిషికి ఒకే జీతంలో దొరుకుతున్నాయి.

అందుకే నా బాధల్లా ఆ "స్ట్రెస్" అనే ఒక్క పదం మీద. అందులో కనీసం నాలుగు వేరు వేరు బగ్గులున్నాయి. కుర్చీ, పళ్ళెం, పనిగంటలు, పని మీద అధికారం లేకపోవడం. నాలుగింటికీ ఒకటే ఫిక్సు ఉండదు. ఆఫీసులో యోగా క్లాసు పెడితే కుర్చీకి కొంచెం మందేమో గానీ, రాత్రి పదకొండింటికి వచ్చే "క్విక్ కాల్"కి మందు కాదు. ఉద్యోగం మారితే అధికారం పెరుగుతుందేమో గానీ నడుం తగ్గదు.

కుర్చీ, పళ్ళెం చాలావరకు మన చేతుల్లో ఉన్నవి. నాలుగో అంతస్తుకి మెట్లెక్కడానికి ఎవరి అప్రూవలూ అక్కర్లేదు. పళ్ళెంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడానికి అసలే అక్కర్లేదు. నేను రోజూ భోజనమయ్యాక అరగంట కాంపౌండు చుట్టూ తిరుగుతాను, ఫోన్లో మాట్లాడాల్సిన మీటింగులు చాలావరకు ఆ నడకలోనే అవగొడతాను.

మిగతా రెండూ మాత్రం మనం మన పైవాళ్ళ మీద పెట్టేసి ఊరుకుంటాం. కానీ ఇది చదివేవాళ్ళలో చాలామంది ఈపాటికి లీడ్లు, మేనేజర్లు అయి ఉంటారు. మీ కింద ఆరుగురున్నారంటే ఆ ఆరుగురి వైట్‌హాల్ మీరే. ఆన్‌కాల్ రోస్టరు రెండు వారాల ముందు ఇవ్వడం, పని చేసేవాణ్ణే ఎంత టైము పడుతుందో అడిగి ఆ మాట నిలబెట్టడం, శుక్రవారం సాయంత్రం రిలీజులు మానుకోవడం, ఇవన్నీ మంచితనం కింద చేసే పనులు అనుకుంటాం. వైట్‌హాల్ లెక్కలు చూశాక అవి ఆరోగ్యం పనులే అని నాకనిపిస్తోంది.

జెర్రీ మోరిస్ సంగతి చెప్పి ముగిస్తాను. హాంప్‌స్టెడ్ హీత్ అనే లండన్ మైదానంలో ఆయన పరుగెత్తుతుంటే ఆ రోజుల్లో జనం వింతగా చూసేవాళ్ళట. తొంభై దాటినా ఈత, నడక మానలేదు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ అప్పుడు, వ్యాయామ శాస్త్రానికి మొదటిసారిగా పెట్టిన అంతర్జాతీయ ఒలింపిక్ బహుమతిని అమెరికాకి చెందిన రాల్ఫ్ పాఫెన్‌బార్గర్‌తో కలిసి అందుకున్నాడు. 2009లో పోయాడు, తొంభై తొమ్మిదేళ్ళకి.

మళ్ళీ ఎవరైనా మీ దగ్గర "స్ట్రెస్ అండీ, ఏం చేస్తాం" అంటే, నాలుగింట్లో ఏది అని అడిగి చూడండి. అడిగేటప్పుడు వాళ్ళతో పాటు మెట్ల మీద నడుస్తూ అడిగితే ఇంకా మంచిది :)